ఆమె పేరున్న మెయిళ్లు

తిరుపతి నుంచి పూతలపట్టు పోయే రోడ్డు మీద ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో మెయిల్ సర్వర్ చూసుకునేది నేను. పొద్దున పోతానే నల్ల తెర తెరిచి, వచ్చిపడిన మెయిళ్లలో ఇది చెత్త, ఇది మంచిది అని, చెత్తను ఆపే ఫిల్టర్‌కు కమాండుతో నేర్పించాల. అది ఒక్కో మెయిల్‌లోని మాటలన్నీ విడదీసి, ఏ మాట చెత్తలో ఎక్కువ కనిపిస్తాదో, ఏది మంచివాటిలో కనిపిస్తాదో తన డేటాబేసులో దాచుకుంటాది. కొత్త మెయిల్ వస్తే ఆ గుర్తుతోనే లోపలికి పంపుతాది, లేదంటే పక్కకు నెడతాది. లాటరీలు, లోన్లు, మగతనం మందులు. నా కొలువంతా వీటితోనే గడిచింది.

ఒక పొద్దు పరీక్షల విభాగంలో పనిచేసే అమ్మాయి నా గదికి వచ్చింది. ఊరు నగరి. మొగుడికి మరమగ్గాలు ఉండాయి. ఆమె ఎడమ కణత మీద పెద్ద కుట్ల మచ్చ. మగ్గం నాడెతో కొట్టినాడని కాలేజీలో అందరికీ తెలుసు. పడుగులో అటూ ఇటూ నూలు పోగు తీసకపోయే ఆ నాడెకు రెండు కొసలా ఇనప మొన ఉంటాది. ఆ దెబ్బతోనే ఇల్లు వదిలి తిరుపతిలో హాస్టల్లో చేరి, విడాకులకు వేసింది.

ఫోన్ నా చేతికిచ్చి, తను మాత్రం గోడవైపు చూస్తా అడిగింది. "అన్నా, ఇవి నా కంటికి కనపడకుండా చెయ్యగలవా?"

మొగుడు పంపిన మెయిళ్లు. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. నీ వేళ్లు ఒక్కొక్కటే కోసి మగ్గంలో ఏస్తా అని ఒకటి. ముక్కు కోస్తా, ఆ మొహంతో ఎవుడి ముందర నిలబడతావో సూస్తా అని ఇంకొకటి. స్టేషనుకు పోతే, మొగుడూ పెళ్లాల గొడవ, పెద్దమనుషుల్లో కూర్చోండి అని పంపించేసినారంట.

వాడి అడ్రసు ఆపితే ఇంకో అడ్రసు నుంచి పంపేవాడు. అడ్రసులు మారతాయి గానీ తిట్లు మారవు కదా అని, వాడి మాటలనే ఫిల్టర్‌కు నేర్పించడం మొదలుపెట్టినాను. చెరిపెయ్యను, పక్కన దాస్తాను, కోర్టులో పనికొస్తాయి, నేనే చదువుతాను, నువ్వు చూడాల్సిన పని లేదు అని ఆమెకు చెప్పినాను. సెరి అని తలూపి పోయింది.

అట్ల వాడి తిట్లే నాకు దినమూ తిండి అయినాయి. చదవాల, కమాండు కొట్టాల, మళ్లా చదవాల. ఆమెను ఎట్ల చంపుతాడో, చంపి యాడ పారేస్తాడో, వంట చెప్పినట్టు వివరంగా రాసేవాడు. కొన్నాళ్లకు అది నాకూ అంటుకునింది. కీబోర్డు మీద చేతులుంచి, వాడి తలను గోడకేసి కొడతా ఉన్నట్టు ఊహించుకునేవాణ్ని. ఒకసారి బస్టాండులో ఆటోవాడు ఏదో అన్నాడని గొంతు పట్టుకుంటే, మా ఇంటామె నా వేళ్లు విడదియ్యలేక ఏడ్చింది.

ఒక మధ్యాహ్నం వాడి మెయిల్ వచ్చింది. గులాబీ రంగు చీర కట్టినావే, బాగుండావు, ఆ చీరలోనే మూట కడతా.

పొద్దున క్యాంటీన్‌లో ఆమెను చూసినాను. కట్టింది గులాబీ రంగు చీరే. ఆమె బల్ల మీది ఫోన్‌కు చేస్తే ఎవురూ ఎత్తలేదు. వాచ్‌మన్‌కు చేసి, పైకి రా అని అరిచి, మెట్లెక్కి పరీక్షల విభాగానికి పరిగెత్తినాను.

బిడ్డ హాల్ టికెట్ కోసం వచ్చినానని గేటులో అబద్ధం చెప్పి వాడు లోపలికి వచ్చినాడంట. నేను పొయ్యేసరికి ఆమె జుట్టు చేతికి చుట్టుకుని బల్లల మధ్యలో ఈడుస్తా ఉన్నాడు. రెండో చేతిలో కొబ్బరికాయలు కొట్టే కత్తి. తతిమ్మా వాళ్లు గోడకు అతుక్కుపోయి ఉండారు. వెనక నుంచి వాడి మీదికి దూకినాను. వాడు తిరిగి ఒక్క వేటు వేసినాడు. నా ముంజేయి తెరుచుకుంది. మొదట తెల్లగా కనిపించింది, తర్వాతే నెత్తురు. కడుపులో తన్ని నన్ను కింద పడేసి కత్తి ఎత్తినాడు.

నా మీదికి వచ్చినప్పుడు ఆమె జుట్టు వదిలేసినాడు. జవాబు పత్రాల కట్టలకు బెజ్జాలు పెట్టే ఇనప మిషను ఆమె చేతికి అందింది. రెండు చేతులా ఎత్తి వాడి మణికట్టు మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు ఇనిపించింది. కత్తి కింద పడింది. రెండో దెబ్బ నోటి మీద. వాడు పడిపోయినా ఆమె ఆపలేదు. నెత్తురు ఆమె చీర మీద, రోజూ కట్టలు కట్టే బల్ల మీద చిమ్మింది. వాచ్‌మన్ వచ్చి ఆమె భుజాలు పట్టుకున్నాడు.

"చాలమ్మా, సచ్చిపోతాడు."

ఆమె గొంతు పెంచలేదు. "నన్ను కొడతా ఉంటే ఏ పొద్దూ ఎవురూ చాలనలేదే."

వాడు చావలేదు. నా చేతికి కుట్లు పడినాయి. అంతగా కొట్టాల్సిన పనేముంది అని పోలీసులు మొదట ఆమెనే నిలదీసినారు. దాచిన మెయిళ్లు నేను తెరిచి చూపించినాను. ఎస్సై కొన్ని చదివి, తల పక్కకు తిప్పుకుని, అన్నీ ప్రింటు తీసి ఇయ్యమన్నాడు. వాడికి బెయిల్ రాలేదు.

ఆమె మళ్లా పనిలోకి వచ్చిన కొన్నాళ్లకు, లాయరు పంపినవి కూడా నాకు రావడంలేదన్నా అని వచ్చింది. చూస్తే ఆమెకు వచ్చిన మంచి మెయిళ్లన్నీ చెత్తలో పడి ఉండాయి. కారణం తెలియక ఒక్కో మాటా ఎంత చెడ్డదని డేటాబేసును అడుగుతా పోయినాను. చివరికి ఆమె పేరు అడిగినాను. వాడు రాసిన ప్రతి మెయిల్లో ఆ పేరుంది. నరుకుతా, కోస్తా అన్న మాటల పక్కన, వాటికన్నా చెడ్డ మాటగా ఫిల్టర్ ఆ పేరును నేర్చుకునింది.

ఆమె తెరకు దగ్గరగా వంగింది. "నా పేరేనా అది?"

ఒక్క కమాండుతో ఆ మాటను తీసెయ్యచ్చు అని చెప్పినాను. అప్పుడు ఆ పేరు దానికి తెలియకుండా పోతాది. లేదంటే ఆమె పేరున్న మంచి మెయిళ్లు చూపిస్తా పోతే, మెల్లగా మంచి మాటని నేర్చుకుంటాది.

"తీసెయ్యద్దన్నా. నేర్పిద్దాం."

నా చేతికి కట్టు ఉండాది కాబట్టి ఆమే కూర్చుంది. నేను చెప్తే ఆమె కమాండ్లు కొట్టింది. కాలేజీలో అందరినీ తన పేరు పెట్టి తనకు మెయిల్ రాయమని అడిగింది. చిత్రాన్నం ఎట్ల చెయ్యాలో ఒకరు రాసినారు. ఆ పొద్దు గోడకు అతుక్కుని నిలబడినవాళ్లలో ఒకావిడ, నా కాళ్లు కదల్లేదు, క్షమించు అని రాసింది. ఆమె అది చదివి, మంచివాటిలో కలిపి కమాండు కొట్టింది. రోజులు పట్టింది గానీ ఫిల్టర్ దారికొచ్చింది. వాడి తిట్లను మాత్రం డేటాబేసులో అట్లే ఉంచినాం.

కేసు చిత్తూరు కోర్టులో నడస్తా ఉంది. నేనూ సాక్షినే. నా చేతి రెండు వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకోవు. మొన్న వాయిదాకు పోతే, వరండాలో పోలీసుల మధ్య నుంచి వాడు ఆమెను చూసి పాత తిట్లే మొదలుపెట్టినాడు. నేను వాడి మీదికి కదిలినాను. ఆమె నా కన్నా ముందే నడిచి వాడి ఎదురుగా నిలబడింది. వాడు తిట్టినంతసేపూ కదలకుండా ఇనింది.

"అయిందా?" అనింది.

అప్పుడే లోపల మా కేసు పిలిచినారు. ఆమె చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి పోయింది.