నేనేగారి నేరాలు

ఆ ప్రయోగశాలలో ఏ కణం చచ్చినా నేరం ఆయనదే. ఎవరూ మోపక్కర్లేదు, ఆయనే ఎగబడి నెత్తిన వేసుకునేవారు. "నేనేనండీ" అని అనీ అనీ, చివరికి ఆ పెద్దాయన పేరే నేనేగారు అయిపోయింది.

అక్కడి పని మెదడుకు కాపలా కాసే కణాల మీద. అవి రోగాన్ని తరుముతాయి, చెత్త ఊడుస్తాయి, అవసరం తీరాక తమంతట తామే పద్ధతిగా ప్రాణం విడుస్తాయి. నేనేగారు ఆ చావును కూడా వదల్లేదు.

"అవి వాటంతటవే పోయాయి కదండీ!" అంది ఓసారి టెక్నీషియన్.

"నేను గట్టిగా తుమ్మానమ్మా. మనసు కష్టపెట్టుకుని ఉంటాయి."

కొత్తగా చేరిన పరిశోధకురాలు ఈ మాటను అచ్చం ఆయన గొంతుతో అభినయించి అందరినీ కడుపుబ్బ నవ్వించేది. ఒకసారి ఆయన వెనకే నిలబడి విన్నారు. "'తుమ్మానమ్మా' దగ్గర ఇంకాస్త సాగదియ్యాలి" అని దిద్ది వెళ్లారు.

తరవాత ఆమె సొంత ప్రయోగం మొదలైంది. ఒక మందు వేస్తే ఈ కణాలు తమంతట తాము పోతాయా అన్నది తేల్చాలి. కొన్నాళ్లకు చూస్తే కణాలు పెంచే గిన్నెల్లో ఒక్కటీ మిగల్లేదు. మందు పనిచేసిందని ఆమె ఎగిరి గంతేసి, డైరెక్టరమ్మను పిలుచుకొచ్చింది.

డైరెక్టరమ్మ, పోలిక కోసం మందు వెయ్యకుండా ఉంచిన గిన్నెలు చూసింది. వాటిలోనూ ఒక్కటీ బతికి లేదు. కణాలను వెచ్చగా పెంచే పెట్టె తెరిస్తే, అడుగున నీళ్ల పళ్లెం ఎండిపోయి ఉంది. తేమ లేక గిన్నెలన్నీ ఆరిపోయాయి. అందులో నీళ్లు పోయాల్సింది కొత్తమ్మాయే.

"ఇంకోసారి కణాలు పాడుచేస్తే పంపించేస్తానని చెప్పానా లేదా? ఎవరి నిర్వాకం ఇది?"

"నేనేనండీ" అన్నారు నేనేగారు.

"ఆ పెట్టె తాళం మీ చేతికి ఎవరూ ఇవ్వనే ఇవ్వరు కదా!"

"అందుకే పోయలేకపోయాను."

అందరూ నవ్వారు. ఆమెకు మాత్రం సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఇన్నాళ్లూ ఈయన మోసినవాటిలో సొంత తప్పులెన్ని? ఇలాంటి మనిషినా తను నలుగురిలో వెక్కిరించింది?

"కాదు మేడమ్. మర్చిపోయింది నేను" అంది తల వంచుకుని.

నేనేగారు గుర్రుమన్నారు. "పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నీకెందుకమ్మా?"

అంతలో టెక్నీషియన్ గొంతు సవరించుకుంది. "పోయినేడాది ఫ్రిజ్ తలుపు తీసి వదిలేసింది నేను మేడమ్."

"మందు సీసాలు తారుమారు చేసింది నేను" అన్నాడు సీనియర్ పరిశోధకుడు. ఇద్దరివీ నేలచూపులే.

డైరెక్టరమ్మ కుర్చీలో కూలబడింది. "మిమ్మల్నందర్నీ పంపించేస్తే ఈయనొక్కరే మిగుల్తారు. పోండి, కణాలు మళ్లీ పెంచి ఏడవండి!"

నేనేగారికి ముచ్చెమటలు పోశాయి.

"ఇంతమందిలో ఏ తప్పూ చెయ్యనివాణ్ణి నేనొక్కణ్ణేనా? రేపు ఏం మొహం పెట్టుకుని పనిలోకి రానండీ?"