సిసిలీ చెప్పులు

అబద్ధం చెప్పినా అతికినట్టుండాలని మార్తీస్ నమ్మకం. నలభై మూడేళ్ళ వయసులో నాలుగో కానుపు తన వల్ల కాదనుకుంది. మాల్టాలో కడుపు తీయించుకుంటే జైలు. పడవెక్కి అవతలికి పోతే సిసిలీలో అదే పని చట్టప్రకారం చేస్తారు. సముద్రం ఒకటే, మొక్కే దేవుడూ ఒకడే. అందుకే "పండక్కి చెప్పులు కొనుక్కొస్తా" అని వీధంతా చాటి మరీ వెళ్ళింది. ఏం తెలివి!

సిసిలీ నుంచి వట్టి చేతులతో వచ్చే మనిషి మాల్టాలో ఉండదు. కాబట్టి తిరుగు పడవ ఎక్కబోతూ, రేవు పక్క కొట్లో చేతికందిన జోడు కొనేసింది. ఇంటికొచ్చి చూస్తే అవి చిన్నకూతురి కాలికి సరిపోయేలా ఉన్నాయి. మహా మాయలమారి!

చర్చిలో జపమాల చెప్పించే పక్కింటి పౌలీనా సాయంత్రం చెప్పులు చూడ్డానికి రానే వచ్చింది.

"కొత్తవి కదక్కా, కరుస్తున్నాయి," అంది మార్తీస్, వేళ్ళు మాత్రమే దూరిన పాదాన్ని గౌను కింద దాచుకుంటూ.

పౌలీనా తన ఇంటికి వెళ్ళి, కోడి పులుసు గిన్నెతో పాటు పాత అట్టపెట్టె ఒకటి తెచ్చింది. లోపల, ఒక్కసారీ తొడగని ఎర్ర చెప్పులు.

"నావీ ఆ రేవులో కొన్నవేనే, పిచ్చిదానా. ఆ రోజు సైజు చూసుకునే ఓపిక ఎవత్తికుంటుంది? ముందు పడుకో."