పెరిగేవాళ్ళ భయం

మా తమ్ముడు సరుకు ఓడలో, ఇంజను గదిలో పనిచేసేవాడు. ఆ ఓడకూ ఆ యుద్ధానికీ ఏ సంబంధమూ లేదు. ఒక దేశపు సిమెంటును ఇంకో దేశానికి మోసుకుపోతూ, మరెవరో రెండు దేశాలవాళ్ళు పోట్లాడుకుంటున్న సముద్రం మీదుగా వెళ్ళింది. క్షిపణి వెనకభాగంలో తగిలింది. పైనున్నవాళ్ళు బయటపడ్డారు. కింద ఉన్నవాళ్ళు కనపడడం లేదని కంపెనీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను కాలేజీ స్టాఫ్ రూములో ఉన్నాను.

భవానీపురంలో ఇంటికి వెళ్ళి అమ్మకు ఆ మాటే చెప్పాను. అమ్మ దాన్ని గట్టిగా పట్టుకుంది.

"కనపళ్ళేదన్నారు. పోయాడన్లేదుగా. వాడికి ఈతొచ్చు" అంది.

కొన్ని వారాలకు, వెతకడం ఆపేశామని కంపెనీవాళ్ళు చెప్పారు. దేహం దొరకనప్పుడు దర్భలతో మనిషి ఆకారం చేసి కర్మ జరిపించవచ్చని పంతులుగారు చెప్పారు. అమ్మ ఒప్పుకోలేదు. "బతికున్నవాడికి పిండాలు పెట్టమంటారేంటండీ?" అని ఆయన్నే అడిగింది. తమ్ముడి ఫోన్ నంబరుకు నాచేత రీచార్జి చేయిస్తూనే ఉంది.

నేను చరిత్ర చెబుతాను. ఆ రోజుల్లో క్లాసులో రెండువేల ఏళ్ళు దాటిన పాఠం, రోమ్‌కీ ఆఫ్రికా తీరంలోని కార్తేజ్‌కీ జరిగిన యుద్ధం నడుస్తోంది. ఒక ఆదివారం మధ్యాహ్నం పాఠం చూసుకుంటుంటే అమ్మ గోంగూర తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది.

"అసలు వాళ్ళెందుకు కొట్టుకుంటున్నారే?" అంది, ఆకు తుంచుతూ.

ఇప్పటి యుద్ధం గురించి చెప్పడానికి నాకు నోరు రాలేదు. తెలిసిన పాఠమే చెప్పాను. రోమ్ అప్పటికే ఇటలీ అంతా తన కిందికి తెచ్చుకుంది. మనకి ఏటవతల ఉండవల్లి కనపడ్డట్టు, వాళ్ళకి సన్నటి సముద్రపు పాయకి అవతల సిసిలీ కనపడుతుంది. ఆ దీవిలో చాలా భాగం కార్తేజ్‌ది. అక్కడొక ఊరిని పట్టుకున్న కిరాయి సైనికులు రోమ్‌ని సాయమడిగారు. వాళ్ళు దుర్మార్గులని రోమ్ పెద్దలకి తెలుసు. కాదంటే ఆ ఊరు కార్తేజ్ చేతిలో పడుతుంది, వాళ్ళు గుమ్మంలోకి వచ్చి కూర్చుంటారని భయం. గెలిస్తే దోచుకోవచ్చని జనాన్ని ఊరించినవాళ్ళూ ఉన్నారు.

"ముందునుంచీ పగేనా?"

"లేదమ్మా. ఒప్పందాలు కూడా చేసుకున్నారు."

"మరి తిండికి లేక వెళ్ళారా?"

"అంతకుముందెప్పుడూ లేనంత బాగున్నారప్పుడు."

"పెరిగేవాళ్ళకి భయమెందుకే?"

"పెరిగేకొద్దీ పక్కవాడు దగ్గరగా కనపడతాడమ్మా" అన్నాను. క్లాసులో చెప్పే మాటే అది. పిల్లలు రాసుకుంటారు.

అమ్మ రాసుకునేది కాదు కదా. కాసేపు ఆకు తుంచింది. తర్వాత, "ఓడలు మునిగాయా?" అంది.

"వందలు మునిగాయి."

"అందులోవాళ్ళని ఎవరన్నా వెతికారా?"

నేను పుస్తకంలో పేజీ తిప్పాను. ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది. అమ్మ గోంగూర కాడలన్నీ పోగుచేసి లేచింది. వంటింటి గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది.

"అంతంత భయాలున్నవాళ్ళు మనవాణ్ణేం వెతుకుతారు. పంతులుగారికి ఫోన్ చెయ్యి."

అన్నాళ్ళూ నేనెంత నచ్చచెప్పినా వదలని ఆశ, పాఠం విని వదిలేసింది. ఆ రోజు నాకు ఏడుపు వచ్చింది గాని, అమ్మ ముందు ఏడవలేదు.

కృష్ణ ఒడ్డున పంతులుగారు దర్భలు పరిచి తల, చేతులు, కాళ్ళు కట్టారు. మూరెడు కంటే కొంచెం పెద్దదిగా ఉంది. అమ్మ దూరంగా కుర్చీలో కూర్చుని చూస్తూ ఉంది. ఆయన మంత్రం మొదలుపెట్టబోతుంటే లేచి దగ్గరికి వచ్చింది.

"కాళ్ళు ఇంకాస్త పొడుగు పెట్టండి. మావాడు పొడగరి" అంది.

పంతులుగారు ఇంకొన్ని దర్భలు తీసుకుని, ముడి విప్పి, మళ్ళీ కట్టారు.