ఇంటి సరుకు

కిందటి నెల మా అత్త కన్నుమూసింది. పొద్దున్న టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని మంచం మీద ఒరిగింది. వంటకేం చేయాలో అడగడానికి వెళ్లిన నేను రెండుసార్లు పిలిచాను. మూడోసారి పిలవకుండా చేయి పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. ఎవరినీ కష్టపెట్టకుండా పోయింది, పుణ్యాత్మురాలు అన్నారు అందరూ.

పలకరింపుకి వచ్చిన చుట్టాలు ఆ మాట తర్వాత తప్పకుండా ఇంకో మాట అన్నారు. "మీ అత్త పెసరపప్పు ఇంక మాకు దొరకదు కదే అమ్మా. ఎంతయినా ఇంటి పప్పు ఇంటి పప్పే." నేను తల ఊపేదాన్ని. ఊపుతుంటే ముఖం వేడెక్కేది. ఏడుపు ఆపుకుంటున్నాననుకుని వాళ్లు నా వీపు నిమిరేవారు. నిజానికి నాకు సిగ్గేసేది. ఆ సిగ్గు మొదట మా అత్తది. ఉన్నన్నాళ్లూ తనే మోసి, పోతూ పోతూ నాకు అంటగట్టి పోయింది. మీలో ఎవరికీ ఆవిడ తెలియదు. కానీ ఆ సిగ్గు సంగతి వదిలేసి ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాస్తే, అది ఇంకెవరి గురించో రాసినట్టు ఉంటుంది.

మా అత్తవారిది ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోట. పల్లంలో వరి మడి. వరి కోశాక ఆ మడిలోనే పెసలు, మినుములు చల్లేవారు. అక్కడ సరుకుకి కంపెనీ పేరుండదు, ఇంటి పేరుంటుంది. ఫలానావారింటి చింతపండు నల్లగా ఉన్నా పులుపు దిట్టం, ఫలానావారింటి ఉలవలు ఎంతకీ ఉడకవు అని చెప్పుకుంటారు. గడపలోకి వచ్చిన చుట్టాన్ని ఒట్టి చేతులతో పంపరు. నేనేమో టెక్కలి బజారులో పుట్టి పెరిగినదాన్ని. మాకు పప్పంటే కొట్టాయన కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేదే. పెళ్లయిన కొత్తలో ఆ మాట అన్నందుకు మా అత్త నన్ను తిండి లేని ఇంటి పిల్లని చూసినట్టు చూసింది.

"మరి మీ ఇంట్లో ఏటి పండతాదే?" అంది.

ఏమీ పండదన్నాను.

"అయ్యో" అని, ఆ పూట నాకు ఇంకో గరిటె పప్పు ఎక్కువ వేసింది. ఆ తర్వాత ఎన్నడూ నా పుట్టింటిని ఆ మాట పెట్టి దెప్పలేదు. దెప్పాలనుకుంటే ఆవిడకి కావలసినన్ని అవకాశాలు వచ్చాయి.

అలాంటి ఇంటి తోటని ఒక గాలివాన పడగొట్టింది. తర్వాత మా మావకి కిడ్నీ జబ్బు వచ్చింది. ఉద్దానంలో ఆ జబ్బు లేని వీధి లేదు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆసుపత్రులకి తిరగడానికి రైలు అందుబాటులో ఉంటుందని పలాస వచ్చి, కాశీబుగ్గలో ఒకే వరసలో కట్టిన లైనిళ్లలో ఒకదాంట్లో అద్దెకి దిగాం. పల్లం మడి అమ్మేశాం. "తోటని గాలి తినీసింది, మడిని జబ్బు తినీసింది. మరి మనమేటి తిందుమే?" అనేది మా అత్త. నవ్వుతూనే అనేది గానీ, ఆ నవ్వు చూడబుద్ధేసేది కాదు.

మడి అమ్మిన సంగతి చుట్టాల్లో ఎవరికీ, ముఖ్యంగా ఒక్క మనిషికి తెలియకూడదన్నారు మా మావ. ఆ మనిషి ఆయన చెల్లెలు, హరిశ్చంద్రపురంలో ఇచ్చిన మా చినత్త. ఏటా పుట్టింటి నుంచి చినత్తకి పెసరపప్పు మూట వెళ్లాలి. వాళ్ల నాన్న ఉన్న కాలం నుంచీ అది ఆనవాయితీ.

"పప్పు రాకపోతే దానికి పుట్టిల్లు నేదన్నట్టే. నాను పోయినా పంపుతుండు. మడి కౌలుకిచ్చినామని సెప్పు" అన్నారు మా మావ మంచం మీద నుంచి. మా అత్త సరేనంది. మరుసటి పంటల కాలానికి ఆయన లేరు.

ఆ రోజుల్లోనే కాశీబుగ్గలో సూపర్ మార్కెట్ తెరిచారు. అద్దాల తలుపు, లోపల చల్లగాలి, ఎవరి బుట్ట వారే పట్టుకుని కావలసింది తీసుకోవడం. "అడక్కుండా తీసీడమేటే, దొంగల్లాగ?" అంది మా అత్త మొదటిసారి. కంపెనీల సరుకుతో పాటు ఆ షాపువాళ్లే ప్యాకెట్లు కట్టించి అమ్ముకునే సరుకు ఒక వరుస నిండా ఉండేది. పప్పులు, టీ పొడి, కారం, సబ్బు పొడి, అన్నిటికీ ఒకటే తెల్ల కవరు. దాని మీద చిన్న పెంకుటిల్లు బొమ్మ, కింద ఎర్రటి అక్షరాలతో 'ఇంటి సరుకు' అని. షాపు మొత్తంలో అదే చవక. మా అత్త అయిదో తరగతి దాకా చదివింది. ఆ రెండు మాటలూ కూడబలుక్కుని, పక్కన సామాను సర్దుతున్న ఆయన్ని పిలిచింది.

"ఇది ఎవలింటిది బాబూ?"

"మాదేనమ్మా. షాపుదే."

"అదేలే. మీదంటే ఏ ఊరు? పల్లమా, మెట్టా?"

ఆయన నా వంక చూశాడు. నేను కారం ప్యాకెట్ల వంక చూశాను. "మా ఓనరుగారిది. మంచి సరుకమ్మా, తీసుకోండి" అని ఆయన అవతలికి తప్పుకున్నాడు. మా అత్త నమ్మేసింది. ఆ ఓనరుకి ఎక్కడో బోలెడు భూమి ఉందనీ, ఇంట్లో తినగా మిగిలింది ఊరికి అమ్ముతున్నాడనీ అనుకుంది. "పాపం, మంచి మనిసి" అని లైనులో నలుగురికీ చెప్పింది కూడా. చివరికి ఒకరోజు బట్టలు నానబెడుతూ ఆవిడకే అనుమానం వచ్చింది. "సబ్బు పొడి కూడా ఆలింట్లోనే పండిందేటే?" అని అడిగింది. అప్పుడు చెప్పాను. బకెట్లో నురగ వంక చూస్తూ కూర్చుంది. లైనులో తను అన్న మాటలన్నీ గుర్తు తెచ్చుకుంటోందని నాకు తెలుసు.

మా లైనులో అందరూ ఆ సరుకే తినేవారు, ఎవరూ తింటున్నట్టు ఒప్పుకునేవారు కారు. ఎవరి పెళ్లిలోనైనా వంటలు పలచగా ఉంటే 'పెంకుటిల్లు పెళ్లి' అని నవ్వుకునేవారు. పైన పటారం, లోన లొటారం. చివరింట్లో ఉండే టీచరుగారి భార్య తమ ఇంట్లోకి కంపెనీది తప్ప రాదని ఎవరూ అడక్కపోయినా చెప్పేది. మా అత్త ఖాళీ అయిన కంపెనీ టీ డబ్బా ఒకటి సంపాదించి, షాపు పొడి అందులో పోసింది. తెల్ల కవర్లని చెత్తలో కనపడకుండా ముక్కలు చేసి, నీళ్లు కాచే పొయ్యిలో పెట్టేది. ఎందుకింత అవస్థ, కడుపుకి తెలుస్తుందా అని నేనంటే, "కడుపుకి కవరు కనపడదే. మనుసులకి కనపడతాది" అనేది.

ఒకసారి షాపులోనే టీచరుగారి భార్య ఎదురైంది. మా అత్త బుట్ట మీద కొంగు కప్పేసింది. ఆవిడ కూడా బుట్టని చటుక్కున వెనక్కి తిప్పుకుంది. ఇద్దరూ నిలబడి ఎండల గురించి మాట్లాడుకున్నారు. ఇంటికి వచ్చాక మా అత్త, "దాని బుట్టలోన ఏటుందో సూసినావా?" అని అడిగింది. చూశాను గానీ, చూడలేదన్నాను. "మంచి పని సేసినావు. సూడకూడదు" అంది.

మావ పోయిన ఏడాది చినత్త తనే మమ్మల్ని చూడటానికి వచ్చింది. అన్నం కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇంటి పప్పేనా వదినా?" అని అడిగింది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. మా అత్త తడుముకోలేదు.

"ఇంటి సరుకే అమ్మా."

చినత్త కళ్లు మూసుకుని నమిలింది. "మా మడి పప్పు ఎక్కడ తిన్నా నాకు తెలిసిపోతాది" అంది.

ఆవిడ చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లగానే మా అత్త నా వైపు తిరిగింది. "నానేటి అబద్దమాడినానా? కవరు మీద అదే కదేటి రాసుంది?" అంది. అబద్ధం కాదన్నాను. అయినా ఆ పూట మా అత్త విస్తరి ముందు కూర్చోలేదు. కడుపులో బాగోలేదంది.

మూట వెనకాల పంపిస్తామని చెప్పి చినత్తని రైలెక్కించాం. అప్పుడొచ్చింది అసలు చిక్కు. షాపు పప్పు మరీ బాగుంది. రాయి లేదు, పొట్టు లేదు, గింజ విరగలేదు. ఇంట్లో తిరగలిలో విసిరి, చేటతో చెరిగిన పప్పు అలా ఉండదు. ఎంత చెరిగినా ఎక్కడో పచ్చటి పొట్టు అంటిపెట్టుకునే ఉంటుంది. మూట విప్పగానే కొట్టు పప్పని చినత్త పోల్చేస్తుంది. మా అత్త మంచం కింద నుంచి తిరగలి లాగింది. అదే షాపులో పెసలు కూడా కొనిపించి, కొన్ని విసిరి, పొట్టుతో సహా ఆ శుభ్రమైన పప్పులో కలిపింది. డబ్బిచ్చి తెచ్చుకున్న శుభ్రాన్ని పని గట్టుకుని పాడుచేస్తుంటే నాకు నవ్వాగలేదు.

"నాలుగు రాళ్లు కూడా ఏసీదుమా అత్తా?" అన్నాను.

"సీ, దాని పళ్లిరిగిపోవేటే? అబద్దానికైనా అడ్డూ ఆపూ ఉండాల" అని కసిరింది.

తర్వాత ఏటా అదే పని. గడపలోకి వచ్చిన మిగతా చుట్టాలకీ ఆ పప్పే పొట్లం కట్టి ఇచ్చేది. మా ఆయన పాసింజరు రైల్లో మూట తీసుకెళ్లి హరిశ్చంద్రపురంలో ఇచ్చి వచ్చేవారు. ఆ రోజు తల్లీకొడుకుల మధ్య మాటలుండేవి కావు. సాయంత్రానికి చినత్త ఫోను వచ్చేది. "పొట్టు సరిగ్గా సెరగనేదేటి వదినా? నడుం నొప్పేటి?" అని ఆరా తీసేది. "ముసిల్దాన్నయిపోనాను మరి" అనేది మా అత్త. ఫోను పెట్టేసి గోడకి జేరబడి కూర్చునేది. మోసం కుదిరిందని ఊపిరి పీల్చుకోవాలో, కుదిరినందుకు తల దించుకోవాలో ఆవిడకి తెలిసేది కాదు. ఆడబిడ్డని మోసం చేసిన నోటితో దేవుడి పేరెలా తలుచుకోనని ఆ పూట దీపం కూడా నన్నే పెట్టమనేది. నేను కోప్పడేదాన్ని. నా కోపం వల్ల ఆవిడ సిగ్గు పిసరంత కూడా తగ్గలేదు.

ఇంత గుట్టు మోసిన మనిషి నా దగ్గర మాత్రం ఏ గుట్టూ పెట్టుకోలేదు. నేను సంచితో ఇంట్లోకి అడుగుపెడితే, ఏం తెచ్చానో చూసే ముందు నా ముఖం చూసేది. "ఎండలో ఎల్లినావేటే" అని మంచినీళ్లు ఇచ్చి, ఆ తర్వాతే సంచి అందుకునేది. టెక్కలి నుంచి మా అమ్మ వస్తే ఆవిడ చేతిలోనూ పప్పు మూట పెట్టేది. అది మాత్రం కవరుతోనే ఇచ్చేది. "మీ అమ్మ కాడ నాకు సిగ్గేటి" అనేది. ఆ మాటకి నేను ఎంత రుణపడి ఉన్నానో ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు.

చినత్త సంగతి ఏం చేయాలో చెప్పకుండానే మా అత్త వెళ్లిపోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు చినత్త ప్రయాణం. సంచి సర్దుకుని, "మా పెసల మడి ఓపాలి సూసి ఎల్తాను. ఇంక నన్ను రమ్మనీవోలు ఎవలున్నారు?" అంది. మా ఆయన నా వంక చూశారు. ఏదో పనుందని చెప్పబోయారు గానీ, ఆవిడ అప్పటికే చెప్పులేసుకుని వీధిలోకి దిగింది.

ముగ్గురం ఆటో ఎక్కాం. తీరా వెళ్లేసరికి అక్కడ మడి లేదు. కొన్నవాళ్లు మట్టి పోసి ఎత్తు చేసి, జీడి మొక్కలు నాటి, చుట్టూ కంచె కట్టారు. చినత్త కంచె పట్టుకుని నిలబడింది.

"కౌలోడు జీడి ఏసీసినాడేటి? ఎవలినడిగి ఏసినాడు?"

మా ఆయన తల దించుకుని ఆటో దగ్గరే ఉండిపోయారు. చెప్పడం నా వంతయింది.

"కౌలు కాదు చినత్తా. అమ్మీసినాం. మావ ఉన్నప్పుడే."

ఆవిడ కంచె మీద నుంచి చేయి తీయలేదు. "మరి పప్పు?"

"కాశీబుగ్గలో కొన్నాది అత్త. షాపులో."

"పొట్టుండేది కదే."

"ఇసిరి కలిపేది. నువ్వు పోల్చకుండా."

తిడుతుందనుకున్నాను. తిడితే పడాలని గట్టిగా నిలబడ్డాను. మా ఊరి మట్టి మీద, మాది కాని కంచె పక్కన, చచ్చిపోయిన మనిషి గుట్టు విప్పుతుంటే నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. "నీకు పుట్టిల్లు నేదనుకుంటావని మావ సెప్పొద్దన్నాడు. కొట్టు పప్పు పంపుతన్నానని అత్తకి సచ్చేంత సిగ్గు" అన్నాను, తల ఎత్తకుండా.

"సిగ్గా?" అంది చినత్త. "పండింది ఎవలైనా పెడతారే. మీరే కొనుక్కుని తింటన్నప్పుడు, నాకూ కొని పంపిందా మా వదిన?"

అప్పుడు తల ఎత్తాను. అత్త పోయిన రోజు నుంచి చినత్త కంట చుక్క నీరు రాలేదు. వదిన పోతే ఏడవని ఆడబిడ్డ అని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు కూడా. ఇప్పుడు ఆవిడ పుట్టింటి మడికి వీపు తిప్పేసింది. మేం ఆటోలో వచ్చిన దారి వైపు తిరిగి, "ఓలమ్మో వదినా, ఓలమ్మో నా వదినా" అని గొంతెత్తి రాగం తీసింది. మా ఆయన పరుగున వచ్చి పడిపోకుండా పట్టుకున్నారు. ఆయన చేతుల్లో నుంచే ముందుకి వంగి, మా అత్త ఆ మట్టిదారిన నడిచి వెళ్లిపోతున్నట్టు, ఇంకా పిలుపందే దూరంలోనే ఉన్నట్టు, చేయి చాచి ఆగమని పిలుస్తూనే ఉంది.