డిపో టైము

మా బావ జీవితంలో ఒక్కసారి కూడా ఆలస్యంగా రాలేదు. పెళ్ళికి సైతం పెళ్ళికూతురి కంటే గంట ముందే వచ్చి, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతి చుట్టాన్నీ తన చేతి గడియారంతో సరిపోల్చుకుంటూ కూర్చున్నాడు. ఆ పెళ్ళికూతురు మా అక్క. అప్పుడే మాకు బుద్ధి రావలసింది. రాలేదు.

ఆయన బస్సు డిపోలో టైమ్ కీపరు. గేటు పక్కన కిటికీ ఉన్న చిన్న గది, ఒక బల్ల, ఒకే ఒక కుర్చీ, గోడ మీద పళ్ళెమంత గడియారం, చొక్కా జేబులో రెండు పెన్నులు. డ్యూటీకి వచ్చిన డ్రైవరు ఆ కిటికీ దగ్గర సంతకం పెట్టాలి. వేళకు వస్తే పక్కన నీలం సిరాతో టిక్కు. ఒక్క నిమిషం దాటినా ఎర్ర సిరాతో 'లేటు'. నెలలో మూడు ఎర్ర గుర్తులు పడితే చేతిలో ఉన్న మంచి రూటు పోయి, ఊరి చివర గుంతల రూటు వస్తుంది. నేను అదే డిపోలో టైర్ల సెక్షన్లో పనిచేస్తాను. ఎర్ర సిరా పడ్డవాడల్లా నేరుగా నా దగ్గరికి వచ్చి మా బావను తిట్టిపోతాడు. ఆయన ముఖం మీద తిట్టే ధైర్యం లేక, చుట్టరికం ఉన్న పాపానికి నాకు వినిపించేవారు.

అసలు సంగతి ఆ గోడ గడియారం. అది ఏడు నిమిషాలు ముందుంటుంది. జనం ఎలాగూ ఆలస్యంగా వస్తారు కాబట్టి గడియారమే కాస్త ముందుంటే సరిపోతుందని, ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బావే స్టూలెక్కి ముల్లు తిప్పాడు. పంతొమ్మిదేళ్ళయింది. తన చేతి గడియారాన్ని కూడా దానికే కలిపి పెట్టుకున్నాడు. ఈ విషయం డిపోలో అందరికీ తెలుసు, ప్రతివాడి చేతిలోనూ ఫోను ఉంది. ఎవరైనా ఫోను చూపిస్తే మా బావ తల ఎత్తకుండానే, "నీ ఫోను బస్సు నడపదు. డిపోకి డిపో టైమే" అనేవాడు. మేనేజరుకు ఫిర్యాదు చేస్తే ఆయన ఒక ఫైలు తీసి చూపించేవాడు. అందులో ప్రతి సోమవారం 'గడియారం సరిగా ఉన్నది' అని మా బావ సంతకం ఉండేది. సంతకం ఉన్నాక ఇంక నిజంతో పనేముంది?

ఆ గడియారం దెబ్బ అందరికంటే ఎక్కువగా తిన్నది ఒక డ్రైవరు. అతన్ని డిపోలో అందరూ నాలుగు నిమిషాలాయన అంటారు. అతనికి నడవలేని కూతురుంది. పొద్దున్నే ఆ పిల్లను ఎత్తుకుని మూడంతస్తులు దిగి, స్కూలు వ్యానులో కూర్చోబెట్టి, అక్కడినుంచి సైకిలు మీద డిపోకి వస్తాడు. ఆ వ్యాను ఒక్క నిమిషం కూడా ముందు రాదు. కాబట్టి ఇతను రోజూ డిపో గడియారం ప్రకారం సరిగ్గా నాలుగు నిమిషాలు లేటు. లెక్క వచ్చినవాళ్ళు గమనించే ఉంటారు, లోకమంతటి గడియారాల ప్రకారం మూడు నిమిషాలు ముందు. అతని రూటు మొదట్లో వాళ్ళింటి ముందునుంచే పోయేది, మధ్యాహ్నం అక్కడ ఆగినప్పుడు పిల్లను తనే పైకి చేర్చేవాడు. ఎర్ర గుర్తులు పడి, రెండేళ్ళ కిందట అదీ పోయింది. మధ్యాహ్నం ఆ పిల్లను వ్యానులోంచి దింపి పైకి ఎక్కించడానికి ఇప్పుడు ఎవరో ఒకరిని బతిమాలుకుంటాడు. మా బావతో మాత్రం ఒక్క మాట అనలేదు. నా దగ్గరికి వచ్చి తిట్టనివాడు డిపో మొత్తంలో అతనొక్కడే, అందుకే అతన్ని చూస్తే నాకు సిగ్గుగా ఉండేది.

ఇక పరుగు సంగతి. దానికి మూలం డాక్టరు. షుగరు వచ్చింది, రోజూ నడవమన్నాడు. మా బావ నడిచాడు. నడిచిన ప్రతి నడకకూ రిజిస్టరు పెట్టాడు. ఒకరోజు క్యాంటీన్లో నోరు పెద్దదైన డ్రైవరొకడు, వాణ్ణి హారన్ అంటారు, గోడ మీద అంటించిన మారథాన్ పోస్టరు చూపించి అందరికీ వినబడేలా అన్నాడు. "కుర్చీలో కూర్చుని లేటు రాయడానికేముంది? నలభై రెండు కిలోమీటర్లు, ఆరు గంటలు. రోడ్డు మీదికొచ్చి ఒక్కసారి టైముకి చేరమనండి చూద్దాం."

తినేవాళ్ళందరూ తినడం ఆపేశారు. మా బావ చేతులు కడుక్కుని వచ్చి, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. "అయిదింటికి మొదలు, పదకొండింటికి గేటు మూస్తారు. పదకొండు దాటి ఒక్క నిమిషమైనా, నా పేరు మీద నేనే ఎర్రగా లేటు రాసుకుని ఈ పెన్ను మీకిచ్చేస్తా. మళ్ళీ జన్మలో ఎవరికీ ఎర్ర గుర్తు పెట్టను."

అప్పటికి ఆయన వయసు యాభై ఒకటి. బొజ్జ వయసు ఇంకా ఎక్కువ.

ఆ సాయంత్రం మా అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, "మీ బావకి చెప్పేవాళ్ళే లేరా?" అంది. "ఉన్నారు. వినేవాళ్ళే లేరు" అన్నాను.

అయిదు నెలలు సాధన చేశాడు. మనిషిలా కాదు, బస్సులా. డిపో గేటు నుంచి నీళ్ళ ట్యాంకు దాకా ఒక ట్రిప్పు. నీళ్ళ ట్యాంకు నుంచి రైల్వే గేటు దాకా ఇంకో ట్రిప్పు. దారిలో ప్రతి బస్టాపులోనూ ఆగి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి టైము రాసుకునేవాడు. "అలా ఆగితే పరుగెలా అవుతుంది బావా?" అంటే, "స్టాపులో ఆగకుండా పోతే ఫిర్యాదు రాస్తారు" అన్నాడు. హాస్యమాడాడేమో అని ముఖంలోకి చూశాను. అలాంటి సూచనలేవీ కనబడలేదు.

బూట్లు కొనడంలోనూ అంతే. కాస్త వదులుగా తీసుకోమని కొట్టువాడు మొత్తుకున్నా వినలేదు. కొలత అంటే కొలతే అట. నెల తిరిగేసరికి రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడి ఊడిపోయాయి. అక్క వాటికి గుడ్డ కడుతూ, "ఈయన పరిగెడుతుంటే వెనక తరుముతున్నవాళ్ళెవరని వీధిలో అందరూ అడుగుతున్నారు. ఏం చెప్పమంటావురా?" అంది నాతో. పంతొమ్మిదేళ్ళుగా ఎర్ర సిరా తిన్న డ్రైవర్లని చెప్పమన్నాను. బావకు వినబడింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంట్లో ప్రశాంతంగా ఉండింది.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. ఆరంభశూరత్వమే అనుకున్నాను, మూడో వారానికే మంచం ఎక్కుతాడనుకున్నాను. ఎక్కలేదు. వానలో పరిగెత్తాడు, జలుబులో పరిగెత్తాడు. ఒక తెల్లవారుజామున నేను డిపోకి వెళ్తుంటే నీళ్ళ ట్యాంకు మలుపులో ఎదురయ్యాడు. ముఖం ఎర్రగా కందిపోయి, నోరు తెరుచుకుని, కాలు ఈడుస్తూ వస్తున్నాడు. నన్ను చూడలేదు. నవ్వుదామని స్కూటరు ఆపినవాణ్ణి, నవ్వు రాక అలాగే చూస్తూ ఉండిపోయాను.

మారథాన్ రోజు వచ్చింది. పరిగెత్తేవాళ్ళంతా చేతికి ఏవేవో మెరిసే గడియారాలు కట్టుకుని, అవి చెప్పినట్టల్లా తల ఊపుతున్నారు. ఒక స్నేహితుడి దగ్గర అలాంటిదొకటి అడిగి తెచ్చాను. బావ దాన్ని ముట్టుకోలేదు. "రెండు గడియారాలు కట్టుకున్నవాడికి టైమెంతో ఎప్పటికీ తెలీదు" అని తన పాతదే కట్టుకున్నాడు. రిజిస్టరు తేవడం కుదరదు కాబట్టి ఎర్ర పెన్నూ, మడిచిన కాగితం ఒకటీ జేబులో పెట్టుకున్నాడు.

సరిగ్గా అయిదింటికి తుపాకీ పేలింది. బావ మణికట్టు చూసుకుని, "ఏడు నిమిషాలు లేటుగా మొదలుపెట్టారు. బాధ్యత లేని మనుషులు" అని పళ్ళు కొరుకుతూ బయలుదేరాడు. అక్కా నేనూ ముఖాలు చూసుకున్నాం. అందరికీ పెట్టిన గడియారాన్ని పంతొమ్మిదేళ్ళలో ఆయన తనే నమ్మేశాడు.

నేనూ అక్కా స్కూటరు మీద అడ్డదారుల్లో వెళ్ళి ఆయన్ని అక్కడక్కడ కలుసుకున్నాం. పది కిలోమీటర్ల దగ్గర రాజులా ఉన్నాడు. ఇరవై ఒకటి దగ్గర మంత్రిలా ఉన్నాడు. ముప్ఫై రెండు దగ్గర, జాలిపడి ఎవరైనా నీళ్ళిస్తారేమోనని చూసే మనిషిలా ఉన్నాడు. అక్క నిమ్మరసం సీసా అందిస్తే సగం తాగి, సగం చొక్కా మీద పోసుకుని, "ఎంతైంది?" అని తనను తానే అడిగి తన గడియారమే చూసుకున్నాడు. నేను నోరు తెరిచేలోపే కదిలిపోయాడు.

చివరి మలుపు దగ్గర మా డిపో వాళ్ళు ఆరేడుగురు నిలబడి ఉన్నారు. సెలవు రోజున పనులు మానుకుని వచ్చారంటే ప్రేమతో కాదని వేరే చెప్పాలా? హారన్ ముందు వరుసలో ఉన్నాడు. నాలుగు నిమిషాలాయన కూతుర్ని తోపుడు కుర్చీలో కూర్చోబెట్టి కాస్త దూరంగా నిలబడ్డాడు. ఆ పిల్లకు పరుగు చూడాలని ఉందట. మలుపు తిరిగితే మూడు వందల మీటర్లలో గమ్యం. ఇక్కడినుంచి కనబడదు.

బావ వచ్చాడు. పరుగూ కాదు, నడకా కాదు, గాలి పోయిన చక్రంలా ఒక పక్కకు ఒరిగి వస్తున్నాడు. మా ముందుకు వచ్చి మణికట్టు చూసుకున్నాడు. ఆగిపోయాడు. మెల్లగా ఫుట్‌పాత్ అంచు మీద కూలబడ్డాడు.

"పదకొండయింది" అన్నాడు.

హారన్ పళ్ళన్నీ బయటపెట్టాడు. "లేటు సార్. రాసేయండి మరి."

బావ కాగితం తీశాడు, పెన్ను మూత తీశాడు. నాలుగు నిమిషాలాయన ముందుకు వచ్చి ఫోను చూపించాడు. "సార్, పది యాభై మూడే. ఇంకా టైముంది."

"నా గడియారంలో పదకొండు."

అక్క ఆయన పక్కనే ఫుట్‌పాత్ మీద కూర్చుంది. గొంతు పెంచలేదు. "మీ గడియారం ఎంత ముందుందో మీకు తెలుసు, నాకు తెలుసు. అదేదో వీళ్ళకి చెప్పి లేవండి. లేదంటే లేటని రాసుకుని ఇంటికి పదండి. ఏదైనా సరే నేను వంట చేస్తాను."

అప్పుడు అర్థమైంది నాకు ఆయన ఇరకాటం. లేటని రాసుకుంటే పరువు దక్కుతుంది. తన మీద తనే ఎర్ర సిరా పెట్టుకున్న ధర్మాత్ముడని డిపో పదేళ్ళు చెప్పుకుంటుంది. గమ్యం చేరాలంటే మాత్రం గడియారం తప్పని, ఎవరి రూటు పోయిందో వాళ్ళ ముందే ఒప్పుకోవాలి. అయిదు నెలల చెమట ఒక పక్క, పంతొమ్మిదేళ్ళ సంతకాలు ఒక పక్క. నిజం చెప్తున్నాను, ఆయన రాసేసుకుంటాడనే అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

రెండు నిమిషాలు అలాగే కూర్చున్నాడు. తర్వాత హారన్ని కాదు, మేమెవరినీ కాదు, నాలుగు నిమిషాలాయన్ని చూశాడు.

"ఏడు నిమిషాలు ముందుంది. డిపోలోదీ అంతే. నేనే తిప్పాను. నువ్వెప్పుడూ లేటుగా రాలేదు."

"తెలుసు సార్" అన్నాడు అతను. "ముందు లేవండి, టైమైపోతోంది."

లేపడానికి అతను చెయ్యి చాచాడు. బావ పట్టుకోలేదు. "చెయ్యి పట్టుకోకూడదు. రూలు" అన్నాడు. కరెంటు స్తంభాన్ని పట్టుకుని లేచాడు. రూలు ఆయన్ని చావనిచ్చేలా ఉంది కానీ వదిలేలా లేదు. ఫుట్‌పాత్ మీద నాలుగు నిమిషాలాయన కూతురి కుర్చీ తోస్తూ పక్కనే నడిచాడు. ఫోను ఆ పిల్ల చేతిలో ఉంది. "యాభై ఆరు తాతా... యాభై ఏడు తాతా" అని పిల్ల చెబుతూ ఉంటే, మా బావ ఏడుస్తూ కుంటుకుంటూ సాగాడు. చెమట అనుకున్నారు మిగతావాళ్ళు. నాకు ఆయన చెమట ఎలా కారుతుందో అయిదు నెలలుగా తెలుసు.

పది యాభై తొమ్మిదికి గీత దాటాడు. మెడలో పతకం వేశారు. దాన్ని తిప్పి చూసి, తారీఖు సరిగా ఉందో లేదో చూసుకున్నాడు.

మర్నాడు సెలవు పెట్టమంటే పెట్టలేదు. మోకాళ్ళు వంగడం లేదు, స్టూలెక్కలేడు. నన్ను ఎక్కించి, కింద నిలబడి చెబుతూ గోడ గడియారాన్ని ఏడు నిమిషాలు వెనక్కి తిప్పించాడు. తర్వాత మేనేజరుకు ఉత్తరం రాసి ఇచ్చాడు. పంతొమ్మిదేళ్ళుగా తను పెట్టిన సంతకాలు తప్పని, నాలుగు నిమిషాలాయన రూటు తన తప్పువల్ల పోయిందని, దాన్ని తిరిగి ఇచ్చి తన మీద ఏం చర్య తీసుకున్నా సరేనని. మేనేజరు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, 'గడియారం సరిగా ఉన్నది' ఫైల్లోనే పెట్టాడు. మూడు వారాలు బావ రోజూ మేనేజరు గది ముందు నిలబడ్డాక గానీ రూటు తిరిగి రాలేదు. బావకు ఒక ఇంక్రిమెంటు కోశారు. హారన్ మొదటిరోజు నుంచే ఏడు నిమిషాలు ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. పందెం గెలిచినా బావ ఎర్ర పెన్ను తీసి పక్కన పెట్టేశాడుగా.

కానీ నాకు గుర్తుండేది ఆ మొదటి ఉదయమే. నాలుగు నిమిషాలాయన తన మామూలు వేళకు సైకిలు దిగి, ఆయాసపడుతూ కిటికీ దగ్గరకు వచ్చాడు. అలవాటుగా తల దించుకుని సంతకం పెట్టాడు. బావ పక్కన నీలం టిక్కు పెట్టాడు. అతను తల ఎత్తి గడియారం చూశాడు. ఇంకా మూడు నిమిషాలుంది.

"ఇప్పుడేం చెయ్యాలి సార్?" అన్నాడు.

మా బావ బల్ల పట్టుకుని, మూలుగుతూ లేచి, తన కుర్చీ అతని వైపు తోశాడు. అతను వద్దన్నాడు. బావ వినలేదు. డ్యూటీ టైము అయ్యేదాకా ఆ డ్రైవరు కుర్చీలో కూర్చున్నాడు, మా బావ ఆ మోకాళ్ళతోనే గోడకు ఆనుకుని నిలబడ్డాడు.