వెనక్కి పోకూడని బండికి టైర్లు

మా చెన్నారెడ్డి మామ పొలంలో ఉన్న ఆంజనేయుడు పోయిన ఎండాకాలం పిడుగు పడి పగిలిపోయాడు. అప్పటినుంచి ఆ చిన్న గుడి ఖాళీ, మామ మొహమూ ఖాళీ. ఆళ్లగడ్డలో ఒక ఆచారి చేత కొత్త విగ్రహం చెక్కించాడు. కార్తీకంలో శనివారం పొద్దున ప్రతిష్ఠ అనుకున్నారు. సరిగ్గా ఆ వారమే వాన వచ్చి పొలం దారి నానిపోయింది. ఆటోవాళ్లు రామన్నారు. ట్రాక్టరుకు స్ప్రింగులుండవు కాబట్టి అందులో వేస్తే దేవుడు గుడికి చేరేలోపు కంకరవుతాడు. అట్లా నా పాత చిన్న జీపు వాళ్లకు గుర్తొచ్చింది. తెస్తానని మాటిచ్చినా మామ నన్ను మూడుసార్లు అడిగాడు. ఒకప్పుడు ఆయన ట్రాక్టరు హారన్ తీసేసి మేక అరిచే హారన్ పెట్టించింది నేనే, కాబట్టి ఆయన అనుమానం న్యాయమే. విగ్రహానికి గోరంత పెచ్చు ఊడినా ప్రతిష్ఠకు పనికిరాదు. నీళ్లలో వదిలేసి మళ్లీ మొదటినుంచి చెక్కించుకోవాలి. మామకు ఆ ఓపిక లేదు.

శుక్రవారం పొద్దున నంద్యాలలో ఉగ్గాని, బజ్జీ తిని మస్తాన్ టైర్ల కొట్టుకు పోయాను. మస్తాన్ నాకు చిన్నప్పటి స్నేహితుడు, నోటికి నాతో సమానం. నా కన్ను గోడకు ఆనించిన వెడల్పాటి టైర్ల మీద పడింది. అవి వేసుకుంటే జీపు పహిల్వానులా కనిపిస్తుంది.

"ఏందన్నా, బండికి టైర్లు కొంటాండావా, పెండ్లికొడుక్కు బూట్లు కొంటాండావా?" అన్నాడు మస్తాన్.

"చూసేదానికి నదురుగా ఉండాల కదప్పా."

"నల్లరేగడిలో నదురు యాడ కనపడుతాది? వెడల్పుది బురద మీద తేలి పక్కకు జారుతాది. సన్నంది కోసుకోని దిగి కింద గట్టి నేల పట్టుకుంటాది. గాడ్లు కూడా ఎడంగా ఉండాల. దగ్గరగా ఉంటే మన్ను ఇరుక్కోని టైరు బోండా మాదిరి అవుతాది."

నాకు మనసొప్పలేదు గానీ, బురదలో బోండాల మీద పోవడం ఇంకా అవమానం. సన్నటివే నాలుగూ వేయించాను. మామూలు టైర్ల కంటే ధర కొంచెం ఎక్కువే, బేరానికి కొంచెమే దిగాడు. చిక్కుకుంటే లాగడానికి, పిడి ఆడిస్తే పన్ను పన్నుకూ గొలుసు బిగిసే ఒక చైన్ పుల్లర్, కొత్త పసుపుపచ్చ లాగుడు పట్టీ, రెండు కొక్కేలు, కాలితో కొట్టే గాలి పంపు కొన్నాను. పార, ఎద్దుల్ని కట్టే పాత తాడు ఇంట్లోవే. "నా టైర్లు యెట్ల పోతాయో నేనే చూస్తా" అని మస్తాన్ కొట్టు తమ్ముడికి అప్పజెప్పి ముందు సీట్లో కూర్చున్నాడు.

నంద్యాల దాటాక రోడ్డు బాగుంటుంది. శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు గంటలోపే చేరవచ్చు. మాకు ఇంకా ఎక్కువే పట్టింది, ఎందుకంటే మంచు. ఎడమ చేతివైపు నల్లమల కొండలు ఉన్నాయో లేవో తెలియనంత పల్చగా నీలంగా తేలుతున్నాయి. వరి పొలాల మీద పొగ పరుచుకుంది. దాని పైన కొంగలు కాళ్లు లేనట్టు నిలబడ్డాయి. కొత్త టైర్లు ఒకటే రాగం తీస్తుంటే మస్తాన్ నిద్రపోయాడు. నేను మేలుకునే కల కంటున్నట్టు నడిపాను. ఆ దారంతా ఎవరినీ ఏడిపించాలని అనిపించలేదు. నా ఆరోగ్యం మీద నాకే అనుమానం వచ్చింది.

ఆళ్లగడ్డ శిల్పుల వీధిలో ముందు చప్పుడు వస్తుంది, తర్వాత మనుషులు కనిపిస్తారు. తెల్లని రాతి దుమ్ములో సగం పుట్టిన దేవుళ్లు వరుసగా నిలబడి ఉంటారు. ఒకరికి చేయి ఇంకా రాయిలోనే ఉంటే, ఒకరికి మొహమే రాలేదు. మా ఆంజనేయుడు రెండడుగులుంటాడు. తోక తల మీదుగా వంపు తిరిగి వేలంత సన్నగా చివర తేలి ఉంది. కళ్లు ఇంకా తెరవలేదు. అవి ప్రతిష్ఠ రోజు గుడి దగ్గరే తెరుస్తారట. మొహానికి తెల్లగుడ్డ చుట్టి, జీపు వెనక వరిగడ్డి పరిచి, ఆచారి, ఆయన పనివాడు, మేమిద్దరం కలిసి పడుకోబెట్టాము. ఎద్దుల తాడు తీయబోతే ఆచారి నా చేయి పట్టుకున్నాడు.

"గొడ్లను కట్టింది సామికి కడతారా రెడ్డీ? కొత్తది ల్యాదా?"

బండిలో కొత్తది లాగుడు పట్టీ ఒక్కటే. "పట్టు మాదిరి ఉంటాది సామీ" అని మస్తాన్ మురిపెంగా దాన్ని తీసి తనే బిగించి కట్టాడు. ఇద్దరిలో ఒక్కరికీ బుర్ర పనిచేయలేదు.

"ఇంకొకటి" అన్నాడు ఆచారి విగ్రహం పక్కన ఎక్కి కూర్చుంటూ. "సామి బండెక్కినాక చక్రం ఎనక్కి తిరగకూడదు. మా నాయన కాలం నుంచి మా ఇంట్లో పద్ధతి."

"నా బండికి రివర్సు గేరు సరిగ్గా పడదులే ఆచారన్నా. నీ పద్ధతి దానికి ముందే తెలుసు."

ఆయన నవ్వలేదు.

రుద్రవరం దారిలో కొంతదూరం పోయి ఎడమకు తిరిగితే పొలం బాట. మధ్యాహ్నం అవుతున్నా ఎండ రాలేదు. రెండు పక్కలా అప్పుడే మొలిచిన శనగ. సన్నటి టైర్లు మస్తాన్ చెప్పినట్టే కోసుకుంటూ పోయాయి. గుడి కనిపించింది, దాని ముందు మామ కూడా కనిపించాడు. అప్పుడే నీళ్లు నిలిచిన పల్లంలో వెనక చక్రాలు రెండూ ఇరుసు దాకా దిగిపోయాయి.

వెనకనే వస్తున్న ట్రాక్టరు డ్రైవరు ఆగాడు. "తగిలియ్యండన్నా, ఒక్క లాగుకు ఎనక్కొస్తాది."

"వద్దు" అని వెనకనుంచి ఆచారి.

ట్రాక్టరు ముందుకు రావాలంటే పక్కవాళ్ల శనగ మొలకలు తొక్కాలి. అడిగినా మామ ఒప్పుకోడు. విగ్రహాన్ని చేతుల మీద మోద్దామంటే, మోకాటి లోతు బురదలో ఒకడు జారినా తోక పోతుంది. మామ పరుగున వచ్చాడు.

"తెల్లారితే ప్రతిష్ఠ. రోంత ఎనక్కి లాగితే ఏమైతాది ఆచారీ?"

"ఏమీ కాదేమో. మల్ల ఏ పొద్దో నీ చేనుకు తెగులొస్తాది. అప్పుడు, సామిని ఆ పొద్దు ఎనక్కి లాగినామే అని నువ్వే నా కాడికొస్తావు."

మామ తల వంచుకున్నాడు. ఆ మాటలో నిజముంది, ఆయన వచ్చి తీరుతాడు.

ముందు చెట్టూ లేదు, బండా లేదు. దేనికి కట్టి లాగాలి? స్టెప్నీ విప్పి, బాట ముందు కాస్త మెరక మీద గొయ్యి తీసి నిలువుగా పాతిపెట్టాము. ఎద్దుల తాడు ఆ బరువుకు తెగుతుంది. పట్టీ కావాలి. పట్టీ దేవుడి నడుముకు ఉంది. మస్తాన్ నన్ను చూశాడు, నేను ఆచారిని చూశాను. ఆయన తనే ముడి విప్పి ఇచ్చాడు. తర్వాత గడ్డి మీద పక్కకు తిరిగి పడుకుని, తోక తన కడుపు మీదికి వచ్చేలా విగ్రహాన్ని చిన్నపిల్లను హత్తుకున్నట్టు హత్తుకున్నాడు.

"లాగండి. నేనుండా."

టైర్ల పొట్టలు ఉబ్బేదాకా గాలి తీశాము. మామ, ట్రాక్టరు డ్రైవరు కలిసి పత్తికట్టె తెచ్చి చక్రాల ముందు తొక్కారు. మస్తాన్ పుల్లర్ పిడి ఒక్కొక్క పన్ను లాగుతుంటే, నేను మొదటి గేరులో ఆక్సిలరేటరు మీద కాలు ఉంచీ ఉంచనట్టు ఉంచాను. పట్టీ సన్నగా మూలిగింది. బండి ఎటూ కదలక, నేల మీదా గాలిలోనా అన్నట్టు ఒక్క క్షణం ఊగింది. కొండలు, శనగ మొలకలు, మామ జోడించిన చేతులు, అన్నీ నీళ్లలో నీడల్లా కనిపించాయి. తర్వాత బురద పెద్దగా నిట్టూర్చి మమ్మల్ని ముందుకే వదిలింది.

గుడి దగ్గర దించాక ఆచారి గుడ్డ తీసి, తోకను మొదలు నుంచి చివరిదాకా బొటనవేలితో తడిమాడు.

"ఉండాది" అన్నాడు ఆచారి.

మామ ఉన్నచోటనే బురదలో చతికిలబడ్డాడు. ఆయన్ను ఏదో ఒకటి అనబోయి, చేయి అందించి లేపాను. కళ్లు లేని ఆంజనేయుడు మా అందరికంటే శుభ్రంగా ఉన్నాడు. ఆచారి చొక్కా గుండీలు రెండు తెగి ఉన్నాయి, రాయి ఒరుసుకున్న చోట కడుపు మీద ఎర్రటి గీత పడింది.

ఆ పద్ధతి నిజమా అబద్ధమా అని ఇప్పటికీ నేను ఎవరినీ అడగలేదు. మరుసటి పొద్దున విగ్రహానికి కళ్లు తెరిచారు. సామి తొలిచూపు మనుషుల మీద పడకూడదని మొదట అద్దం చూపించారు, తర్వాత మామ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయన మొహం చూశాక ప్రశ్న అక్కరలేదనిపించింది. తిరుగు ప్రయాణంలో మంచు లేదు, కొండలు గట్టిగా నిలబడి ఉన్నాయి. అయినా ముందు రోజు తేలినవే అసలు కొండలని నాకనిపిస్తుంది.

మీరు కూడా ఆ వైపు నల్లరేగడిలోకి బండి తీసుకుపోయేటట్టయితే ఒక్క సలహా. ఎంత మంచి టైర్లున్నా ముందు బండి ఆపి, చెప్పులతో పదడుగులు నడవండి. చెప్పులు మీతోపాటు వస్తే బండి పోతుంది. అవి నేలలోనే ఉండిపోతే, వాటిని పీక్కుని ఇంటికి పోయి భోంచేసి పడుకోండి. రెండు ఎండలు కాశాక రండి.