మార్కుల పక్కన ఎర్ర సిరా

నా చిన్నప్పుడు ఒక పిల్లను చూసి ఎంత కుళ్ళుకున్నానో చెప్పలేను. ఆ పిల్ల ములుగు నుంచి వచ్చి నెక్కొండలో మా బడిలో చేరింది. అప్పటిదాకా వ్యాసాల్లో నేనే ఫస్టు. వార్షికోత్సవంలో మైకు ముందు వ్యాసం చదివేదీ నేనే. మా బాపు పొలం పని మానుకుని, తెల్లంగీ వేసుకుని బడికి వచ్చేది ఏడాదికి ఆ ఒక్కరోజే.

ఆ ఏడు మా తెలుగు టీచరమ్మ మేడారం జాతర గురించి రాయమన్నది. దిద్దిన కాగితాలు చేతికొచ్చాక చూస్తే ఆ పిల్లకు నాకన్నా ఎక్కువ మార్కులు. ఇష్టమున్నవాళ్ళు మళ్ళీ రాసి తేవచ్చని, మైకు ముందు ఎవరు చదవాలో ఆ తర్వాతే చెబుతానని టీచరమ్మ అన్నది. నాకు ఒళ్ళంతా మంట. ఆ పిల్ల జడ గిట్టలేదు, నవ్వు గిట్టలేదు, గుండ్రటి చేతిరాత అసలే గిట్టలేదు.

నా ముఖం చూసి టీచరమ్మకు అంతా అర్థమైంది. మర్నాడు బడి వదిలాక నన్ను పిలిచి, ఆ పిల్ల ఇంకొన్ని సంగతులు చేర్చి తిరిగి తెచ్చిన కాగితం నా చేతిలోనే పెట్టింది. “కుళ్ళుకుంటె కుళ్ళుకో బిడ్డా, ఫికర్ లేదు. గని మంచిగ చదివి కుళ్ళుకో. దీంట్ల తప్పులేమున్నయో దొరకబట్టి చెప్పు” అన్నది.

తప్పులు వెతకమంటే నాకు పండగే. వరండాలో కూర్చుని విప్పాను. అంచుల నిండా టీచరమ్మ ఎర్ర సిరాతో రాసిన ప్రశ్నలే. ‘తక్కెడలో కూర్చోబెడితే తమ్ముడు ఏం చేశాడు?’ అని ఒకటి. కింద ఆ పిల్ల జవాబు రాసింది. అమ్మవార్ల మొక్కు కోసం తమ్ముడి బరువుకు సరితూగేంత బెల్లం తూస్తుంటే వాడు బెల్లం కావాలని ఏడ్చాడట. ఒక ముక్క చేతికివ్వగానే వాడి వైపు తక్కెడ కిందికి దిగిందట, వాళ్ళమ్మ మళ్ళీ తూయించాల్సి వచ్చిందట. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇంకా మండింది.

అప్పుడు నా కాగితం తీశాను. ‘భక్తజనం తండోపతండాలుగా తరలివచ్చారు’ అని నేను గొప్పగా రాసిన వాక్యం పక్కన కూడా ఎర్ర సిరా ఉంది. ‘నువ్వు జాతరలో వాగులో దిగావా? నీళ్ళు ఎట్లున్నాయి?’ మార్కులు చూసుకుని మడిచేశాను కాబట్టి అది నా కంట పడనే లేదు. ఇంటికి వెళ్ళి పాత కాగితాలు తీస్తే వాటిలోనూ ప్రశ్నలే. టీచరమ్మ ఏడాదంతా నన్ను అడుగుతూనే ఉంది.

కూర్చుని మళ్ళీ రాశాను. వాగులో అమ్మ కొంగనుకుని ఎవరో పెద్దమ్మ కొంగు పట్టుకుని అవతలి ఒడ్డు దాకా నడిచిన సంగతి రాశాను. టీచరమ్మ చదివి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. అయినా మైకు ముందుకు ఆ పిల్లనే పంపింది. మా బాపు తెల్లంగీలో కూర్చుని ఆ పిల్లకు చప్పట్లు కొడుతుంటే నాకు ఏడుపొచ్చింది.

నా కుళ్ళుబోతుతనం ఈ వయసులోనూ పోలేదు. ఎవరైనా నాకన్నా బాగా చేస్తే కడుపు మండుతుంది. అయితే, వాళ్ళెలా చేశారో దగ్గరికి వెళ్ళి చూసేదాకా ఆ మంట నన్ను కూర్చోనివ్వదు. నాకు వచ్చిన విద్యలో సగం అలా వచ్చిందే.